తిత్లీ పడగొట్టిన పనస.. మా ఆటోకి గొడుగైంది!

నాన్న పొద్దున్నే ఆటో తియ్యడానికి షెడ్డులోకి వెళ్తాడు. జేబులోంచి తాళం చెవి తీసేలోపు ఎడమ పక్క మధ్య గుంజ మీద అరచెయ్యి వేసి రెండుసార్లు తడతాడు. ఎద్దు మెడ తట్టినట్టే ఉంటుంది ఆ తట్టడం. ఆ గుంజ ఒకప్పుడు మా తోటలో బావి పక్కనున్న పనసచెట్టు. నాన్న పెళ్లిలో వండిన పనసపొట్టు కూర ఆ చెట్టు కాయలదేనట.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పడిపోయింది.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఉద్దానం అంటే చాలామందికి కిడ్నీ జబ్బుల వార్తలే గుర్తొస్తాయి. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది నీడ. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని పక్కన ఒకటి పెరిగే నేల మాది. మిట్టమధ్యాహ్నం కూడా తోటలో చెప్పుల్లేకుండా నడవొచ్చు. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. ఒక్క రాత్రిలో ఆ నీడ మొత్తం పోయింది.

నేనప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నా. ఫోన్లు కలవలేదు. మర్నాడు బయల్దేరితే హైవే మీద చెట్లు, కరెంటు స్తంభాలు. చివరి నాలుగు కిలోమీటర్లూ నడిచే వెళ్లా. మా సందు మలుపులో ఆగిపోయా. ఎందుకంటే అక్కణ్నుంచి మా ఇల్లు కనిపించింది. అంతకుముందు ఎప్పుడూ కనిపించేది కాదు, మధ్యలో చెట్లుండేవి.

ఆటో పెట్టుకునే షెడ్డు లేదు. సన్నటి ఇనప పైపులు, పైన సిమెంటు రేకులు.. అదంతా ఎగిరి పక్క తోటలో పడింది. ఆటో మీద కొబ్బరిచెట్టు. అమ్మ నన్ను చూసి ఏడవలేదు, ‘అన్నం తిన్నావా’ అని అడిగింది. నాన్న మాత్రం బావి పక్కన పడిన పనస మొదట్లో కూర్చుని ఉన్నాడు.

12 వేలకి నాలుగు చెట్లు

వారం తిరక్కుండానే కలప కొనేవాళ్లు లారీలతో దిగారు. మావి నాలుగు పనసలు పడ్డాయి. నాలుగింటికీ కలిపి 12 వేలు ఇస్తానన్నాడొకాయన. ‘ఇయాల కాకపోతే రేపు కుళ్లిపోతాయి, అప్పుడు ఎవుడు కొంటాడు’ అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. ఊరంతా చెట్లే పడున్నప్పుడు ధర ఎక్కడుంటుంది? కొబ్బరి మొద్దులనైతే ఊరికే ఇస్తామన్నా ఎవరూ ఎత్తలేదు.

అప్పుడే ఊరికొచ్చిన ఉద్యాన శాఖ వాళ్లు ఒక మాట చెప్పారు. పడిన కొబ్బరి మొద్దుల్ని అలా వదిలెయ్యకండి, కుళ్లుతున్న మొద్దుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది అని. ఆ పిల్లలు అక్కడే పెరిగి, పెద్ద పురుగులై, బతికున్న కొబ్బరి మొవ్వులు తొలుస్తాయి. అంటే పడిన చెట్టు, నిలబడిన చెట్టుని చంపుతుందన్నమాట. మాకు నిలబడినవి పదకొండే.

ఆ రాత్రి కరెంటు లేదు. నా ఫోన్‌లో కొంచెం చార్జింగ్ మిగిలింది. అంతకుముందు ఎప్పుడో సేవ్ చేసుకున్న వీడియో ఒకటి చూశా. అమెరికాలో ఒకాయన తన స్థలంలో పడిన చెట్లను చైన్ సాతో తనే కోసుకుని, ఆ కలపతోనే కారు గ్యారేజీ కట్టుకుంటాడు. ఇనప ఫ్రేమ్ లేదు, గోడలు మొయ్యవు. మొత్తం బరువు గుంజలు, దూలాల మీదే. నాన్నకి చూపించా.

‘ఇందులో కొత్త ఏటుందిరా? మీ తాత ఇల్లు ఇలగే కదా కట్టినాడు’ అన్నాడు.

నిజమే. గుంజ, దూలం, వాసం.. మన పెంకుటిళ్లన్నీ అవే. మనం మర్చిపోయింది ఇల్లు కట్టడం కాదు. మన చెట్టుని మనమే కోసుకోవడం. ఇదివరకు కోతగాళ్లు ఇంటికే వచ్చేవారట. మొద్దుని ఎత్తులో కట్టి, పైనొకరు కిందొకరు పెద్ద రంపం లాగేవారట. ఇప్పుడు మొద్దు మిల్లుకి పోవాలి, పోవాలంటే లారీ కావాలి, లారీ కావాలంటే డబ్బులు కావాలి. మా దగ్గర లేనిది అదే.

కొనేవాళ్లకి ‘ఇవ్వం’ అని చెప్పేశాం.

నూనె రాయని రంపం

మొదట చేసిన పని రంపం కొనడం కాదు, అడగడం. ఆంధ్రప్రదేశ్‌లో చెట్ల నరికివేతకి 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉంది. కోత మిల్లులకి అటవీ శాఖ నిబంధనలు వేరే ఉన్నాయి. తుపానుకి పడినవే, మా తోటలోవే, మా వాడకానికే అని కాగితం రాసిచ్చి, సరే అన్నాకే మొదలుపెట్టాం. మీరు ఇలాంటి పని పెట్టుకుంటే ఈ మెట్టు దాటెయ్యకండి. మొదలయ్యాక ఆగడం కంటే ముందే అడగడం నయం.

సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద చైన్ సా దొరికింది. 14 వేలు. దాని బ్లేడుకి బిగించే అల్యూమినియం ఫ్రేమ్ ఆన్‌లైన్‌లో 5,500. ఫ్రేమ్ మొద్దు మీద జారుతూ పోతుంటే, కింద రంపం అంతే మందంలో పలక కోసుకుంటూ వస్తుంది. చెప్పడానికి ఇంత తేలిక.

మొదటి ప్రమాదం రంపంతో రాలేదు, చెట్టుతో వచ్చింది. గాలికి వేళ్లతో సహా ఒరిగిన చెట్టు చచ్చిన పాములా కనిపిస్తుంది కానీ, లోపల బిగిసి ఉంటుంది. మాను కోసి బరువు తప్పించగానే, వేళ్లతో లేచిన ఆ మట్టిపళ్లెం మొదలుతో సహా ఒక్కసారిగా వెనక్కి నిలబడింది. అరక్షణం ముందు చిన్నాన్న ఆ గోతి అంచున నిలబడి ఉన్నాడు. సిగరెట్ కోసం పక్కకి జరిగాడు కాబట్టి బతికాడు. ఆ తర్వాత నెలరోజులు ‘సిగరెట్టు మానమన్నారు కదా, చూశారా’ అని అందరికీ చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే హెల్మెట్, కళ్లద్దాలు, కాళ్లకి రంపం తగలకుండా వేసుకునే మందపాటి తొడుగు తెప్పించా. వేళ్ల వైపు తాడుతో కట్టకుండా మళ్లీ ఏ చెట్టూ ముట్టుకోలేదు.

మొదటి మొద్దు పూర్తిగా పాడుచేశా. అడ్డంగా కోసే చైన్‌తో నిలువుగా కోశా. రంపం పొగలు కక్కింది, మొద్దు అరటిపండులా వంకర వచ్చింది. తర్వాత తెలిసింది.. మామూలు చైన్ పళ్లు 30 డిగ్రీల కోణంలో పదును పెట్టి ఉంటాయి, నిలువు కోతకి 10 డిగ్రీల పళ్లుండే వేరే చైన్ కావాలి. మొదటి కోతకి పైన తిన్నటి ఆధారం ఉండాలి. మేం అల్యూమినియం నిచ్చెనని మొద్దు మీద పరిచి, రసమట్టం పెట్టి సరిచేసి, దాని మీద ఫ్రేమ్‌ని నడిపించాం. ఆ మొదటి తలం తిన్నగా వస్తే మిగతావన్నీ దాని వెనకే తిన్నగా వస్తాయి.

పనస బెరడు కింద పాలుంటాయి. బ్లేడుకి పట్టుకుని బంకలా తయారై గంటకోసారి రంపం ఆగిపోయేది. పెట్రోల్‌తో తుడుస్తున్నా. అమ్మ మజ్జిగ తెచ్చి, ఆ తతంగం చూసి నవ్వింది.

‘పనస కొయ్యాలంటే కత్తికి నూనె రాస్తామా లేదా? మరి ఇది కత్తి కాదేటి?’

ముందు బెరడు ఒలిచేసి, బ్లేడుకి కొబ్బరినూనె రాశాం. బంక గొడవ పోయింది. యూట్యూబ్‌లో నేను చూసిన నలభై వీడియోల్లో ఈ ముక్క లేదు!

రెండో చైన్‌ని ఒక మేకు తినేసింది. చెట్టు లోపల నాలుగంగుళాల లోతున. చిన్నప్పుడు ఉయ్యాల కట్టడానికి నేనే కొట్టానని నాన్న తేల్చాడు.

మూడు కోస్తే ఒకటి పొట్టు

ఇక్కడ చిన్న లెక్క చెప్పాలి. షెడ్డు ఇలా ఎందుకు కట్టామో ఆ లెక్కలోనే ఉంది.

చైన్ సా ఒక్కసారి వెళ్తే దాదాపు 8 మిల్లీమీటర్ల కలప పొట్టయిపోతుంది. మిల్లుల్లో వాడే బ్యాండ్ సాకి ఇది రెండు, మూడు మిల్లీమీటర్లే. అంగుళం పలక అంటే 25 మిల్లీమీటర్లు. చైన్ సాతో మూడు పలకలు కోస్తే 24 మిల్లీమీటర్లు నేలపాలు. అంటే మూడు కోసినప్పుడల్లా నాలుగోది పొట్టు రూపంలో ఎగిరిపోయినట్టే.

మరి ఏం చెయ్యాలి? తక్కువ కోతలు కొయ్యాలి. మొద్దుని నాలుగు పక్కలా చెక్కి, మొత్తం ఒకటే లావుపాటి గుంజగా ఉంచెయ్యాలి. నాలుగే కోతలు. సన్నటి పలకలతో, మేకులతో కట్టే షెడ్డుకి చైన్ సా దండగ. లావు గుంజలు, లావు దూలాలతో కట్టే షెడ్డుకి అదే సరిపోతుంది.

అలా డిజైన్ దానంతటదే తేలింది. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. ఆటో, పక్కన బండి, వెనక కొబ్బరికాయల రాశి పట్టాలి. ఆరంగుళాల చదరం గుంజలు ఆరు, తొమ్మిదేసి అడుగుల ఎత్తు. అడ్డంగా మూడు పెద్ద దూలాలు, 6 బై 8 అంగుళాలవి. నిలువునా రెండు వైపులా 5 బై 6 పట్టె. పనసలో 18 అడుగుల తిన్నటి మాను దొరకడం కష్టం కాబట్టి, ఒక్కో వైపు రెండు ముక్కలు మధ్య గుంజ మీద ఒకదాని మీదొకటి కూర్చునేలా అతికాం. మొత్తం కలిపితే 34 ఘనపుటడుగులు. నాలుగు చెట్లలో మూడు చాలాయి.

పనస కోస్తే లోపల పసుపు రంగు. కొత్తగా కోసినప్పుడు పసుపు కొమ్ము విరిచినట్టే ఉంటుంది, ఎండ తగిలేకొద్దీ బంగారం నుంచి గోధుమ రంగుకి దిగుతుంది. బొబ్బిలి వీణ చేసేది ఈ కలపతోనే. మృదంగానికీ ఇదే. ఊరికి కొంచెం దూరంలో వీణలయ్యే చెట్టు, మా ఊళ్లో మూడేసి వేలకి పోతోందని అప్పుడనిపించింది.

కొబ్బరికి గుండె మెత్తన

వాసాలకి కొబ్బరి. ఇందులో ఒక తిరకాసుంది. మిగతా చెట్లకి గట్టి చేవ లోపలుంటుంది, కొబ్బరికి బయటుంటుంది. కొబ్బరి, తాడి గడ్డి జాతికి దగ్గరి చుట్టాలు. వాటికి ఏడాదికో వలయం ఉండదు. మాను చుట్టూ అంచు రాయిలా, మధ్యలో దూదిలా. అందుకే మొదలు వైపు పాతిక అడుగుల్లో, బయటి మూడంగుళాలే వాసానికి పనికొస్తుంది. అదీ ముసలి చెట్టయితేనే. మా తాత నాటినవి కాబట్టి సరిపోయాయి.

ఆ గట్టి భాగం చైన్‌ని నమిలేస్తుంది. రెండు వాసాలకోసారి పదును పెట్టాలి. ‘ఎందుకొచ్చిన గొడవ, తగలెట్టెయ్’ అన్నారు చాలామంది. 2013లో ఫిలిప్పీన్స్‌ని హయాన్ తుపాను ముంచినప్పుడు దాదాపు 3.3 కోట్ల కొబ్బరిచెట్లు దెబ్బతిన్నాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా వేసింది. అక్కడి జనం ఆ పడిన చెట్లనే కోసి ఇళ్లు మళ్లీ కట్టుకున్నారు. ‘కోకో లంబర్’ అంటే అక్కడ మామూలు మాట. వాళ్లు చెయ్యగా లేనిది మేం ముప్పై వాసాలు కొయ్యలేమా అని మొండికేశాం.

కొబ్బరి కలపకి చెద, బూజు ఇట్టే పడతాయి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ల తొట్టిలో ముంచి తీశాం. వానకి ఆ మందు కడుక్కుపోతుంది కాబట్టి, కొబ్బరిని కప్పు కిందే వాడాలి. నేలకి తగిలేచోట వాడకూడదు.

మధ్యలోని మెత్తటి గుజ్జు, పై మొద్దులు కాల్చేశాం. కొమ్ము పురుగుకి మా తోటలో చోటు మిగల్చలేదు.

ఎండటం కూడా పనే

పచ్చి కలప నీళ్ల కుండ. ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. చాలా చెట్లకి వలయాల వెంబడి కుంచించుకునేది, నడిమి నుంచి బయటికి కుంచించుకునే దానికి దాదాపు రెట్టింపు. అందుకే మొద్దుని ఎండలో పడేస్తే పగుళ్లిస్తుంది. నీళ్లు ఎక్కువగా పోయేది రెండు కొసల నుంచి. కాబట్టి కోసిన రోజే కొసలకి మిగిలిపోయిన పెయింట్ పూశాం. నేలకి అడుగు ఎత్తున ఇటుకలు పేర్చి, వరసకీ వరసకీ మధ్య అంగుళం పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాం. పైన తాటాకులు.

అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క. ఆరంగుళాల గుంజకి ఆరేళ్లు ఎవరు ఆగుతారు? ఇలాంటి కట్టడాల్లో పూర్తిగా ఎండనక్కర్లేదు. ఎలాగో తర్వాత చెప్తా.

2019 మే 3న ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటింది. మాకు ఒక రాత్రంతా గాలీ వానా. నేను విశాఖలో ఉండి ఫోన్ చేస్తే నాన్న ఎత్తలేదు. తర్వాత అమ్మ చెప్పింది. ఆయన, చిన్నాన్న ఆ కలప రాశిని తాళ్లతో కట్టి, దాని పక్కనే టార్చిలైటు పట్టుకుని కూర్చున్నారట. ఇంట్లో పడుకోమంటే, ‘ఈసారి కూడా పోతే నా వల్ల కాదు’ అన్నాడట.

అప్పటిదాకా ఇది నా సరదా అనుకుంటున్నా. ఆ రోజు అర్థమైంది, ఎవరిదో.

మేకుల్లేని అతుకు

2020లో లాక్‌డౌన్‌తో లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశా. పొద్దున మీటింగులు, సాయంత్రం ఉలి. అతుకులు నేర్పింది పక్క ఊరి వడ్రంగి తాత. డెబ్బై దాటాయి. పదేళ్లుగా ఆయన్ని తలుపు చెక్కలకి తప్ప ఎవరూ పిలవలేదు. నా ఫోన్‌లో డ్రాయింగ్ చూపిస్తే కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

‘బొమ్మ బాగుంది బాబూ. చెక్కకి ఫోను చూపిస్తే వింటాదా మరి?’

అతుకు ఇలా ఉంటుంది. దూలం చివర నాలుకలా ఒక ముక్క మిగిల్చి చుట్టూ చెక్కుతారు. గుంజ తలలో ఆ నాలుక పట్టేంత గూడు తొలుస్తారు. నాలుకని గూట్లోకి దింపి, రెండింట్లోంచీ అడ్డంగా ఒక చెక్క సీల కొడతారు. అంతే. మేకు లేదు, జిగురు లేదు. మంటల్లో కాలి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకున్న పారిస్‌లోని నోటర్ డామ్ చర్చి కప్పుని ఓక్ కలపతో తిరిగి కట్టింది కూడా ఈ తరహా అతుకులతోనే.

రహస్యం సీలలో ఉంది. గుంజలోని రంధ్రానికీ, నాలుకలోని రంధ్రానికీ రెండు మిల్లీమీటర్లు కావాలనే తేడా పెడతారు. మొన తేలిన సీలని కొడితే అది ఆ తేడాలోంచి ఒంపు తిరుగుతూ పోయి, నాలుకని గూట్లోకి గట్టిగా లాగేస్తుంది. సీల మాత్రం బాగా ఎండిన తుమ్మ. చుట్టూ ఉన్నది సగం పచ్చి పనస. ఏళ్లు గడిచేకొద్దీ పనస కుంచించుకుని సీలని ఇంకా పట్టేస్తుంది. కలప పూర్తిగా ఎండక్కర్లేదన్నది ఇందుకే.

మొదటి గూడు తొలవడానికి నాకు ఒక సాయంత్రం మొత్తం పట్టింది. తాత దాన్ని వేలితో తడిమి, ‘ఇందులో పావురం గుడ్లు పెడతాది’ అన్నాడు. వదులైంది. ఆ గుంజని ఓ అడుగు కోసేసి మళ్లీ మొదలుపెట్టాం. పదో గూడుకి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే బాగుందని అర్థం.

గాలి లాగేది పైకి

షెడ్డు కూలిందంటే గాలి తోసిందనుకుంటాం. చాలాసార్లు గాలి కప్పుని పైకి లాగేస్తుంది. విమానం రెక్క మీద జరిగేదే ఇక్కడా జరుగుతుంది. మన ఇంజినీర్లు వాడే సూత్రం ప్రకారం, సెకనుకి మీటర్లలో గాలి వేగాన్ని దాంతోనే గుణించి, మళ్లీ 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. గంటకు 150 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 42 మీటర్లు. లెక్కేస్తే చదరపు మీటరుకు 100 కిలోల పైమాటే. చూరు వదిలేస్తే మా కప్పు దాదాపు 20 చదరపు మీటర్లు. అంటే అటూఇటూగా రెండు టన్నుల బలం కప్పుని పైకి పీకుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలు.

పాత షెడ్డు పైపుల్ని ఇసకలో అడుగున్నర పాతి, చుట్టూ నాలుగు గమేళాల కాంక్రీటు పోశారు. ఎగరక ఏం చేస్తుంది?

అందుకే ఈసారి ఒక్కో గుంజ కింద రెండడుగుల చదరం, మూడడుగుల లోతు కాంక్రీటు దిమ్మె. ఒక్కోటి 800 కిలోలుంటుంది. ఆరూ కలిపితే దాదాపు అయిదు టన్నులు. దిమ్మెలోంచి లేచిన ఇనప పట్టీల మధ్య గుంజని పెట్టి బోల్టులు బిగించాం. గుంజ అడుగు కాంక్రీటుకి తగలకుండా కొంచెం ఎత్తులో ఉంటుంది, నీళ్లు నిలవవు. గుంజకీ దూలానికీ మధ్య ఏటవాలుగా ఊతలు. అవి లేకపోతే నాలుగు కర్రల చట్రం గాలికి పక్కకి వాలిపోతుంది, ఊత పడితే త్రిభుజమై బిగుస్తుంది. వాసాలకీ పట్టెలకీ మధ్య మాత్రం జీఐ పట్టీలు కొట్టాం. తాత మూతి తిప్పాడు కానీ, తుపాను దగ్గర పట్టుదల పనికిరాదు.

కప్పు పాత పెంకుటింటిలా నాలుగు వాలులది. రెండు వాలుల కప్పు కంటే ఇది గాలికి బాగా తట్టుకుంటుంది. రేకుల చూరు అడుగే బయటికి. అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా. గోడలకి బదులు కొబ్బరి పలకలు, మధ్యలో సందులతో. ఒక వైపే తెరిచి మిగతావి మూసేస్తే లోపలికొచ్చిన గాలి కప్పుని కింద నుంచి కూడా నెడుతుంది. సందులుంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది.

ఆగస్టులో ఒక ఆదివారం నిలబెట్టాం. మాస్కులు కట్టుకుని పద్నాలుగు మంది. మూల సరిగ్గా ఉందా అని తాత టేపు అడగలేదు. తాడుతో ఒక పక్క ఆరడుగులు, ఇంకో పక్క ఎనిమిది కొలిచి, ఐమూల పదడుగులు వచ్చాక తలూపాడు. ఒక్కో దూలం పట్టడానికి ఆరుగురు. చివరి సీల నాన్న చేత కొట్టించాడు. నాలుగో దెబ్బకి శబ్దం మారింది, డొల్లగా మోగేది గట్టిగా మోగింది.

‘ఇంక సాలు. పట్టింది’ అన్నాడు తాత.

పరీక్ష ఇంకా అవ్వలేదు

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. నేను టార్చి పట్టుకుని షెడ్డులోనే ఉన్నా. దూలాలు రెండు మూడుసార్లు కిర్రుమన్నాయి. పడవలో కూర్చున్నట్టు ఉంది. తెల్లారి చూస్తే ఒక్క స్క్రూ కూడా లేవలేదు. ఊళ్లో వాళ్లొచ్చి మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయా.

తర్వాత లెక్కేసుకున్నా. గులాబ్ గాలి గంటకు 75-85 కిలోమీటర్లు. తిత్లీ వేగంలో సగానికి కొంచెం ఎక్కువ. బలం లెక్కన చూస్తే మూడో వంతే! మా షెడ్డు పాసయింది యూనిట్ టెస్టు మాత్రమే. ఫైనల్ ఎప్పుడొస్తుందో బంగాళాఖాతానికే తెలియాలి. ప్రతి అక్టోబరుకి ముందు బోల్టులు బిగిస్తా, పట్టీలకి తుప్పుందేమో చూస్తా.

ఖర్చు అడుగుతారు కదా. రంపం, ఫ్రేమ్, చైన్లు, పెట్రోలు 29,500. సిమెంటు, ఇనుము, బోల్టులు 17 వేలు. రేకులు, స్క్రూలు 24 వేలు. తాతకి 15 వేలు, అదీ బలవంతంగా చేతిలో పెట్టాం. మొత్తం 85,500. ఇనప షెడ్డుకి మాకు చెప్పిన ధర 90 వేలు. మిగిలింది నాలుగున్నర వేలు, దానికి రెండేళ్లు! ఊరికే డబ్బు కోసమైతే ఈ పని పెట్టుకోకండి. రంపం పట్టడం రాకపోతే, పక్కన తెలిసినవాళ్లు లేకపోతే అసలే వద్దు.

పడిన చెట్టు మంచికే పడింది అనే మాట నేననను. ఆ పనస ఏటా ఇచ్చిన కాయలు ఈ గుంజ ఇవ్వదు. నాన్న కోల్పోయిన నీడ ఈ రేకు ఇవ్వదు. పడటం మా చేతిలో లేదు. కుళ్లనివ్వకపోవడం ఉంది. మేం చేసింది అంతే.

నాలుగో పనస కలప ఇంకా పేర్చే ఉంది. దాంతో ఏం చేద్దామని నాన్నని అడిగితే ‘ఉండనీ’ అంటాడు. బావి పక్కన, పాత చెట్టు గోతిలో, అదే చెట్టు కాయలోంచి అమ్మ దాచిన గింజ మొలిచి ఇప్పుడు నా ఎత్తు దాటింది. పొద్దున గుంజని తట్టాక ఆటో తీసి, పోతూ పోతూ దానికి చెంబుడు నీళ్లు పోస్తాడు.